థీము ఎవరిది? తాళం ఎవరిది?

నేను ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ ఫెస్టుకి వెబ్‌సైటు చేసే పని నా నెత్తిన పడింది. బడ్జెట్ ఎంతా అంటే సున్నా. డొమైను, హోస్టింగు మా సీనియరొకడు తన జేబులోంచి పెట్టుకున్నాడు. వర్డ్‌ప్రెస్ ఎలాగూ ఉచితమే. ఇక కావలసిందల్లా మంచి థీము. అరవై డాలర్ల థీమొకటి నాకు తెగ నచ్చేసింది. అరవై డాలర్లంటే అప్పట్లో నా నెల మెస్సు బిల్లు కన్నా ఎక్కువ. కాసేపు వెతికితే అదే థీముని ఊరికే ఇచ్చే సైటొకటి దొరికింది. దింపుకున్నాను, ఎక్కించాను. సైటు అదిరిపోయింది.

రెండు వారాలయ్యాక హెచ్‌వోడీ గారు పిలిచారు. "ఏమయ్యా, మన ఫెస్టు పేరు గూగుల్లో కొడితే పేకాట సైట్లు వస్తున్నాయేంటి?" అన్నారు. గుండె గుభేలుమంది. గదికి వచ్చి ఫుటరు ఫైలు తెరిచి చూద్దును కదా, బేస్64లో చుట్టేసిన అక్షరాల ముద్ద ఒకటి. విప్పి చూస్తే కాసినో లంకెలు. మామూలుగా సైటుకి వచ్చేవాళ్ళకి కనపడవు, గూగుల్ బాటు వచ్చినప్పుడు మాత్రమే బయటికొస్తాయి. ఆ రాత్రంతా కూర్చుని అన్నీ పీకేసి డిఫాల్టు థీము పెట్టాను.

దొంగ సరుకు వాడితే ఇంతే అని లెంపలేసుకున్నాను. తమాషా ఏంటంటే, చాలా రోజుల తర్వాత జీపీఎల్ లైసెన్సు కూర్చుని చదివాక నా లెక్క తప్పని తెలిసింది. థీములోని కోడు జీపీఎల్ కింద ఉంటే, దాన్ని కొన్నవాడెవడైనా ఇంకొకరికి ఊరికే ఇచ్చేయొచ్చు. అది దొంగతనం కాదు. మరి నా తప్పేంటి? కోడు వాడుకునే హక్కు వేరు, ఆ కోడు ఎవరి చేతి మీదుగా నా దగ్గరికి వచ్చిందన్నది వేరు. రెండూ ఒకటేననుకోవడం నా తప్పు.

వర్డ్‌ప్రెస్ చరిత్రంతా చూస్తే ఆ తప్పు నేనొక్కణ్ణే చేయలేదనిపిస్తుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ సంఘంలో జరిగిన పెద్ద తగాదాలు చాలావరకు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. మొదటిదాని మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. రెండోదాన్ని మాత్రం 2024లో నెత్తి మీద పడేదాకా సరిగ్గా పట్టించుకోలేదు. ఆ కథే చెబుదామని ఈ టపా.

సరే, మొదట్నించీ వద్దాం. 2001లో మిషెల్ వాల్‌డ్రీగి అనే కుర్రాడు బీ2 (క్యాఫ్‌లాగ్ అని కూడా అనేవారు) అనే బ్లాగింగు సాఫ్ట్‌వేరు రాశాడు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, జీపీఎల్ లైసెన్సు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత అతను జాలంలో కనపడటం మానేశాడు. సాఫ్ట్‌వేరు దిక్కులేనిదైపోయింది. 2003 జనవరిలో హ్యూస్టన్‌లో చదువుకుంటున్న మాట్ ముల్లెన్‌వెగ్, అప్పటికి పందొమ్మిదేళ్ళవాడు, తన బ్లాగులో ఈ గోడు వెళ్ళబోసుకున్నాడు. బీ2 జీపీఎల్ కాబట్టి దాన్ని తీసుకుని ముందుకి నడిపించొచ్చు కదా అన్నాడు. ఇంగ్లండునుంచి మైక్ లిటిల్ అనే ఆయన, నువ్వు నిజంగా మొదలుపెడితే నేనూ చెయ్యేస్తానని కింద వ్యాఖ్య రాశాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ 0.7 బయటికొచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. యజమాని కనపడకుండా పోయినా, అతని అనుమతి కోసం ఎదురుచూడకుండా ఇద్దరు పరాయివాళ్ళు ఆ కోడుని ఎత్తుకుని పెంచగలిగారు. జీపీఎల్ చేసిన మేలు అది. వర్డ్‌ప్రెస్ పుట్టుకే ఆ లైసెన్సు పెట్టిన భిక్ష. అందుకే తర్వాత లైసెన్సు మాటొస్తే ముల్లెన్‌వెగ్ అంత పట్టుబట్టేవాడనుకుంటాను.

మరుసటి ఏడాదే దాని విలువ లోకానికీ తెలిసొచ్చింది. అప్పట్లో బ్లాగర్ల ముద్దుబిడ్డ మూవబుల్ టైప్. బెన్, మీనా ట్రాట్ అనే దంపతుల కంపెనీ సిక్స్ అపార్ట్ తయారుచేసేది (ఇద్దరి పుట్టినరోజుల మధ్య ఆరు రోజుల తేడా, అందుకే ఆ పేరు). 2004 మేలో మూడో వెర్షన్‌తో పాటు కొత్త ధరల పట్టీ పెట్టారు. ఉచితంగా కావాలంటే ఒక రచయిత, మూడు బ్లాగులు. అంతకు మించితే డబ్బు కట్టాలి. వ్యాపారం చేసుకోవడం తప్పేమీ కాదు. కానీ అప్పటిదాకా ఊరికే వాడుకున్నవాళ్ళకి, తమ ఇల్లు అద్దె కొంపని ఆ రోజు తెలిసింది. మార్క్ పిల్‌గ్రిమ్ అనే పేరున్న బ్లాగరు తన సైట్లన్నిటికీ మూవబుల్ టైప్ లెక్క 535 డాలర్లు తేలిందని చెప్పి, ఆ సొమ్ముని వర్డ్‌ప్రెస్ రాసేవాళ్ళకి విరాళంగా ఇచ్చేసి ఇటు వచ్చేశాడు. అతని వెనక ఎంతోమంది. మూవబుల్ టైప్ కూడా 2007 డిసెంబరులో ఒక జీపీఎల్ వెర్షను వదిలింది గానీ, అప్పటికే రైలు స్టేషను దాటిపోయింది.

2005 ఫిబ్రవరిలో వర్డ్‌ప్రెస్ 1.5 వచ్చింది. థీముల ఏర్పాటు అందులోనే మొదలు. మైకేల్ హైల్మన్ చేసిన కుబ్రిక్ అనే నీలం తలకట్టు థీము డిఫాల్టుగా వచ్చింది. పాత బ్లాగులు చదివినవాళ్ళు దాన్ని చూడగానే గుర్తుపడతారు. వర్డ్‌ప్రెస్.కామ్‌లో మొదలైన తెలుగు బ్లాగులు కూడా కొన్ని ఆ నీలం తలకట్టుతోనే పుట్టాయి.

థీము అనగానే మనవాళ్ళు అలంకారమనే అనుకుంటారు. గోడకి సున్నం, గుమ్మానికి తోరణం. నిజానికి వర్డ్‌ప్రెస్ థీము అంతకన్నా చాలా ఎక్కువ. అందులో సీఎస్‌ఎస్, బొమ్మలతో పాటు పీహెచ్‌పీ ఫైళ్ళుంటాయి. ఎవరైనా పేజీ అడిగితే వర్డ్‌ప్రెస్ లేచి, థీములో తగిన ఫైలు వెతికి నడిపిస్తుంది. ఆ ఫైలేమో టపా శీర్షిక ఇవ్వు, తేదీ ఇవ్వు, వ్యాఖ్యలివ్వు అని వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లని పిలుస్తూ ఉంటుంది. రెండూ ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమొరీలో నడుస్తాయి. ఇక్కడిదాకా వర్డ్‌ప్రెస్, ఇక్కణ్ణించి థీము అని గీత గీయడం కష్టం. పాలూ నీళ్ళూ కలిసినట్టే.

ఇంకో సంగతి. థీము ఎక్కడుంటే అక్కడ ఫుటరుంటుంది. ఫుటరున్న చోట లంకె పెట్టొచ్చు. లంకె ఉంటే గూగుల్లో విలువ. విలువుంటే డబ్బు.

ఈ రుచి మరిగినవాళ్ళలో మొదటి పెద్ద పేరు ఎవరిదో తెలుసా? సాక్షాత్తూ వర్డ్‌ప్రెస్.ఆర్గ్‌ది. 2005 మార్చి చివర్లో ఆండీ బాయో అనే బ్లాగరు బయటపెట్టాడు. ఆ సైటులో ప్రకటనల కోసం రాయించిన వ్యాసాలు లక్షన్నరకి పైగా ఉన్నాయి. మొదటి పేజీ నుంచి వాటికి లంకెలున్నాయి గానీ, సీఎస్‌ఎస్‌తో తెర అవతలికి తోసేయడం వల్ల మన కంటికి కనపడవు. సెర్చి ఇంజన్లకి మాత్రం కనపడతాయి. నా ఫెస్టు సైటులో జరిగిందానికి ఇది పెద్దన్నయ్యన్నమాట! గూగుల్ ఆ పేజీలని తీసి పారేసింది. ముల్లెన్‌వెగ్ క్షమాపణ చెప్పి అన్నీ తొలగించాడు. తప్పు ఒప్పుకోవడం మంచిదే. కానీ అంత పెద్ద సంఘపు సైటులో ఏం పెట్టాలో ఒక్కడే నిర్ణయించగలడా అని ఆ రోజే గట్టిగా అడిగి ఉండాల్సింది. అడిగినవాళ్ళు తక్కువ.

2007 వచ్చేసరికి ఇదే పని థీములు చేసేవాళ్ళు మొదలుపెట్టారు. ఎవడో ప్రకటనదారు థీము రాసినవాడికి డబ్బిస్తాడు, వాడు ఫుటర్లో లంకె పెడతాడు. థీముని వెయ్యిమంది దింపుకుంటే వెయ్యి లంకెలు. కొందరు ఈ లంకె తీసేయకూడదని షరతు పెట్టారు. ఇంకొందరు తీయడానికి వీల్లేకుండా బేస్64లో చుట్టేశారు. ఆ ఏడాది వర్డ్‌ప్రెస్.ఆర్గ్ ఇలాంటి థీములని వెలేసింది. 2008లో సొంత థీముల కొట్టు తెరిచింది. ఆ డిసెంబరులో అందులోంచి దాదాపు 200 థీములని తీసేసింది. ఈసారి గొడవ లంకెల ఒక్కదానిదే కాదు, జీపీఎల్ కాని థీములమ్మే సైట్లకి దారి చూపిస్తున్నారన్నది కూడా. అలా తగాదా అసలు ప్రశ్నకి వచ్చి చేరింది. థీము ఎవరిది?

అప్పటికి ప్రీమియం థీముల వ్యాపారం జోరుగా ఉంది. రివల్యూషన్ థీము చేసిన బ్రయాన్ గార్డ్‌నర్ 2008లోనే జీపీఎల్‌కి మారాడు. 2009 జూన్‌లో వూథీమ్స్ మారింది. జీపీఎల్ చేస్తే ఎవడు కొంటాడు, అందరూ ఊరికే పంచుకుంటారు కదా అని భయపడ్డారు. అలా ఏం కాలేదు. జనం కోడుకే కాదు, సాయానికీ నమ్మకానికీ కూడా డబ్బిస్తారని తేలింది. (ఈ సంగతి నాకు మూడో సంవత్సరంలో తెలిసుంటే బాగుండేది :))

2009 జూలైలో ముల్లెన్‌వెగ్ ఒక లాయరు అభిప్రాయం ప్రచురించాడు. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ వాళ్ళు వర్డ్‌ప్రెస్‌తో వచ్చే థీములని పరిశీలించి ఇచ్చింది. పాలలోంచి నీళ్ళు వేరుచేసే హంసలాగా వాళ్ళు గీత గీశారు. థీములోని పీహెచ్‌పీ వర్డ్‌ప్రెస్ మీద ఆధారపడి పుట్టింది కాబట్టి జీపీఎల్. సీఎస్‌ఎస్, బొమ్మలు మాత్రం విడి డేటా, వాటికి జీపీఎల్ తప్పనిసరి కాదు.

అది లాయరు అభిప్రాయమే, కోర్టు తీర్పు కాదు. ఆ మాట గట్టిగా అన్నవాడు థీసిస్ అనే థీము రాసిన క్రిస్ పియర్సన్. థీసిస్ 87 డాలర్లు, బాగా అమ్ముడుపోయేది. నేను రాసిన కోడు నాది, అది వర్డ్‌ప్రెస్ పైన నడుస్తుంది తప్ప వర్డ్‌ప్రెస్‌లోంచి పుట్టలేదు, నా లైసెన్సు నా ఇష్టం అన్నాడు. ముల్లెన్‌వెగ్ ట్విట్టర్లో బహిరంగంగా తగులుకున్నాడు. థీసిస్ వదిలేసి వచ్చేవాళ్ళకి వేరే ప్రీమియం థీము నేను కొనిస్తానన్నాడు. 2010 జూలై 14న ఇద్దరూ మిక్సర్జీ అనే కార్యక్రమంలో ఆండ్రూ వార్నర్ ముందు వాదించుకున్నారు. పియర్సన్, వర్డ్‌ప్రెస్ చరిత్రలో అతి ముఖ్యమైన వాళ్ళలో తనొకణ్ణన్నాడు. ఆ మాటతో వింటున్న జనం చాలామంది అతనికి దూరమయ్యారు.

కానీ అహంకారం పక్కనపెడితే, పియర్సన్ వాదన మరీ కొట్టిపారేసేది కాదు. ఒక ఫంక్షన్ని పిలిచినంత మాత్రాన పిలిచినవాడి కోడు కూడా పిలిపించుకున్నవాడిదైపోతుందా? రేపు ఇదే లెక్క అందరికీ వర్తిస్తే? ఇది ప్రోగ్రామర్లందరికీ సంబంధించిన ప్రశ్న. కోర్టులో తేలి ఉంటే బాగుండేది. తేలలేదు. ఎందుకంటే కుతూహలంతో థీసిస్ ఫైళ్ళు తెరిచి చూసినవాళ్ళకి, వర్డ్‌ప్రెస్ కోడు ముక్కలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే అందులో కనపడ్డాయి. పియర్సన్ దగ్గర పనిచేసి మానేసిన ప్రోగ్రామరు కూడా నిజమేనని ఒప్పుకున్నాడు. ఇక పెద్ద సిద్ధాంత చర్చ అక్కర్లేకుండా పోయింది. కాపీ కొట్టినవాడు దొరికిపోయాడంతే. జూలై 22న పియర్సన్ దిగొచ్చి థీసిస్ పీహెచ్‌పీని జీపీఎల్ చేశాడు, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు, బొమ్మలు తన దగ్గరే ఉంచుకున్నాడు. దీన్నే స్ప్లిట్ లైసెన్సు అంటారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఈ రాజీ మన తెలుగువాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎలా ఉంటుందో చెబుతాను. మా పెదనాన్న రిటైరయిన తెలుగు మాస్టారు. కరోనా లాక్‌డౌన్లో తన చిన్నప్పటి ఊరి కబుర్లు రాస్తానంటే బ్లాగు పెట్టిచ్చాను. ఒక థీము డబ్బులిచ్చే కొన్నాను (బుద్ధొచ్చింది కదా). మొదటి టపా వేయగానే ఫోను. "ఒరేయ్, లక్ష్మికి కాళ్ళు నరికేశార్రా!" అన్నారు. చూస్తే నిజమే. శీర్షికలో కింది వత్తులు కత్తిరించేసి ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసి లైన్ల మధ్య దూరం పెట్టారు, పైన గుడులూ కింద వత్తులూ ఉండే లిపి ఒకటుందని ఆ డిజైనరుకి తెలియదు. మెనూలో అక్షరాలని విడదీసి పెట్టడంతో తెలుగు ఇంకా వికారంగా ఉంది.

సరిచేయడం అరగంట పని. అంతా సీఎస్‌ఎస్సే. చేశాక, ఇదే థీముతో తెలుగులో రాసుకునేవాళ్ళు ఇంకా ఉంటారు కదా, సరిచేసిన థీముని పంచుదామనుకున్నాను. లైసెన్సు చూస్తే అదీ స్ప్లిట్. పీహెచ్‌పీ పంచొచ్చు, సీఎస్‌ఎస్ పంచకూడదు! అంటే తెలుగువాడికి ఏ ముక్క దిద్దుకోవాల్సిన అవసరం ఎక్కువో, ఆ ముక్కకే తాళం. చైల్డ్ థీముగా నేను రాసిన నాలుగు లైన్లు ఇవ్వొచ్చనుకోండి. కానీ తెలుగుకి సిద్ధంగా ఉన్న థీముని చేతిలో పెట్టలేను. చట్టం ప్రకారం ఆ లాయర్ల గీత సరైనదే కావొచ్చు. కానీ ఆ గీత పక్కనున్నది ఉత్త అలంకారమేనని చప్పట్లు కొట్టినవాళ్ళకి అనిపించి ఉంటుంది. అలంకారం కాదు, మన అక్షరాలు.

అన్నట్టు థీసిస్ కథకి కొసరుంది. 2014లో థీసిస్.కామ్ డొమైను అమ్మకానికొచ్చింది. పియర్సన్ 37,500 డాలర్లిస్తానన్నాడు. ముల్లెన్‌వెగ్ కంపెనీ ఆటోమాటిక్ లక్ష డాలర్లు పెట్టి కొనేసి తమ థీముల బ్లాగుకి దారి మళ్ళించింది. పియర్సన్ డొమైను తగవుల పంచాయతీకి వెళ్ళి 2015లో ఓడిపోయాడు. జీపీఎల్‌కి ఒప్పుకుని నాలుగేళ్ళయిన మనిషి మీద ఈ పని దేనికి? స్వేచ్ఛ కోసమైతే కాదు. నాకైతే కక్షలాగే కనపడింది. ఇంకో సంగతి గమనించారా? ఈసారి ఆయుధం లైసెన్సు కాదు. డొమైను పేరు. దానికి జీపీఎల్ లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి కొన్ని తేదీలు చూడండి. 2007లో వచ్చిన 2.3 వెర్షను, మీ ప్లగిన్‌కి కొత్త వెర్షనొచ్చిందని చెప్పడం మొదలుపెట్టింది. 2008 డిసెంబరులో 2.7తో డాష్‌బోర్డు నుంచే ప్లగిన్లు ఎక్కించుకునే వీలొచ్చింది. 2009 జూన్‌లో 2.8తో థీములు కూడా. సరిగ్గా థీముల లైసెన్సు మీద అందరూ తలలు పగలగొట్టుకుంటున్న రోజులవి. అవే రోజుల్లో లోకంలోని వర్డ్‌ప్రెస్ సైట్లన్నీ అప్‌డేట్ల కోసం ఒకే చిరునామాకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాయి. వర్డ్‌ప్రెస్.ఆర్గ్. చాలా సుఖమైన ఏర్పాటు. దాని మీద తగాదా ఎవరు పెట్టుకుంటారు?

2024 సెప్టెంబరులో ఆ బిల్లు వచ్చింది. డబ్ల్యూపీ ఇంజిన్ అనే పెద్ద హోస్టింగు కంపెనీ వర్డ్‌ప్రెస్ వల్ల బోలెడు సంపాదిస్తూ తిరిగి ఇచ్చేది తక్కువని ముల్లెన్‌వెగ్ ఆరోపణ. దాన్ని వర్డ్‌ప్రెస్‌కి పట్టిన క్యాన్సరన్నాడు. ట్రేడ్‌మార్కు వాడుకుంటున్నందుకు ఆదాయంలో 8 శాతం ఇవ్వమని అడిగారు. వాళ్ళు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 25న వర్డ్‌ప్రెస్.ఆర్గ్ తలుపులు వాళ్ళకి మూసేశారు. అక్కడ సైట్లు పెట్టుకున్న మామూలు జనానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. మధ్యలో కొద్దిరోజులు తెరిచి మళ్ళీ మూశారు. అక్టోబరు 2న డబ్ల్యూపీ ఇంజిన్ అమెరికా కోర్టుకి వెళ్ళింది. అక్టోబరు 12న ఇంకా పెద్ద పని జరిగింది. ఆ కంపెనీ చేతిలో ఉన్న, లక్షల సైట్లు వాడే అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అనే ప్లగిన్ పేజీని వర్డ్‌ప్రెస్.ఆర్గ్ స్వాధీనం చేసుకుని, పేరు మార్చి తన వెర్షను పెట్టింది. కోడుని ఫోర్క్ చేయడం జీపీఎల్ ఇచ్చిన హక్కే, బీ2ని చేసినట్టే. కానీ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కొత్త పేరుతో కొత్త ఇల్లు కట్టుకున్నారు, బీ2 వాడేవాళ్ళ ఇళ్ళల్లోకి రాత్రికి రాత్రి దూరలేదు. ఇక్కడ పాత చిరునామానీ, దాన్ని నమ్ముకుని అప్‌డేటు నొక్కే జనాన్నీ కూడా తీసేసుకున్నారు.

ఈ గొడవలోనే చాలామందికి ఇంకోటి తెలిసింది. 2010లో ట్రేడ్‌మార్కుని వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌కి అప్పగించారు గదా, సైటు కూడా దానిదేననుకున్నారు. కాదు. వర్డ్‌ప్రెస్.ఆర్గ్ ముల్లెన్‌వెగ్ సొంతం. 2024 డిసెంబరు 10న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి తలుపులు తెరిపించింది, ప్లగిన్ పేజీ వెనక్కి ఇప్పించింది.

డబ్ల్యూపీ ఇంజిన్ పాపం పుణ్యం ఎరగని కంపెనీ అని నేననను. ఊరుమ్మడి చెరువులో నీళ్ళు తోడుకునేవాడు పూడిక తీతకి రాకపోతే ఎవరికైనా మండుతుంది. కానీ పూడికకి రాలేదని చెరువుకి తాళం వేస్తే, అది ఊరుమ్మడి చెరువెలా అవుతుంది?

ఇన్నేళ్ళ తగాదాల్లో నాకు అర్థమైంది ఇది. లైసెన్సు గొప్పదే, అది లేకపోతే ఇవేవీ లేవు. కానీ లైసెన్సు కోడుకి మాత్రమే కాపలా కాస్తుంది. డొమైనుకీ, పేరుకీ, అప్‌డేట్లొచ్చే దారికీ కాపలా కాయదు. 2025 జూన్‌లో లినక్స్ ఫౌండేషన్ నీడలో ఫెయిర్ అనే ప్రాజెక్టు మొదలైంది. థీములూ ప్లగిన్లూ ఒకే తలుపులోంచి కాక నాలుగు దారుల్లో రావాలన్నది దాని ఉద్దేశం. పదహారేళ్ళు ఆలస్యమైనా సరైన ప్రశ్నే వేసింది. అది నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి.

ఈలోపు నేను చేసిన పని చిన్నది. మా పెదనాన్న బ్లాగుని పూర్తిగా జీపీఎల్ ఉన్న, సీఎస్‌ఎస్‌తో సహా పంచుకోగల థీములోకి మార్చాను. ఆయన టపాలన్నిటినీ నెలకోసారి ఎక్స్‌పోర్టు చేసి పెన్‌డ్రైవులో ఆయన బీరువాలో పెడుతున్నాను. "ఇదేంట్రా, తాళపుచెవి నాకిచ్చావు?" అన్నారు. మీది మీ దగ్గరే ఉండాలి కదా పెదనాన్నా అన్నాను.

మీ బ్లాగు తాళం ఎవరి దగ్గరుంది? ఎప్పుడైనా చూసుకున్నారా?